మాట రాని బిడ్డకు కార్డుతో అడగడం నేర్పాలంటే

ముందు వినికిడి పరీక్ష చేయించండి. అది తేలాక, బిడ్డ ఎగబడే వస్తువు ఒక్కటి ఎంచుకుని దాని ఫొటోతో 5 సెంటీమీటర్ల చదరపు కార్డు చేయండి.

ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు ఎదురుగా వస్తువు పట్టుకుని కూర్చోవాలి. బిడ్డ దానికోసం చెయ్యి చాచగానే, వెనకున్నవారు మాట్లాడకుండా ఆ చేత్తో కార్డు తీయించి, ఎదుటివారి అరచేతిలో పెట్టించాలి. అందగానే వస్తువు పేరు ఒక్కసారి పలికి ఇచ్చేయండి. ఆలస్యం చేస్తే కార్డుకూ వస్తువుకూ లంకె కుదరదు.

"ఏం కావాలి?" అనకండి; అడిగితేనే కార్డివ్వడం అలవాటవుతుంది. చాలా ఇళ్లలో చెడేది ఇక్కడే. సాయం చివరి నుంచి తగ్గించండి: ముందు అరచేతిలో వదలడం, తర్వాత అందించడం, ఆఖరున కార్డు తీయడం.

కార్డులు మాటకు అడ్డురావు. పెద్దయ్యాకా మాట రాకుంటే, ఇదే పద్ధతిని ట్యాబ్‌లోకి మార్చుకోవచ్చు.