తెర రంగు మారిన ల్యాప్‌టాప్: వారంటీ అడగబోయే ముందు చూసుకోవాల్సినవి

ల్యాప్‌టాప్ తెర పసుపు తిరిగిందనో, మూలకు గులాబీ మరక వచ్చిందనో వెంటనే బ్యాగులో వేసుకుని హైదరాబాద్ బస్సెక్కకండి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా రానుపోను రమారమి 200 కిలోమీటర్లు. తీరా పోయాక సర్వీస్ సెంటర్ కౌంటర్‌లో ఉన్నాయన నైట్ లైట్ (రాత్రిపూట తెరను పసుపుగా మార్చే విండోస్ సెట్టింగ్) ఆపేసి చేతిలో పెడితే బస్సు కిరాయి, ఆ రోజు పని రెండూ పోయినట్టే.

లోపం విండోస్‌లో ఉందా, తెరలోనే ఉందా అన్నది ముందు తేలాలి. దీనికి బయాస్‌ను, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ తెరను, మించిన పరీక్ష లేదు. మెషీన్ పూర్తిగా ఆఫ్ చేసి, పవర్ బటన్ నొక్కిన వెంటనే ఎఫ్2 కీని వరసగా కొడుతూ ఉండండి. హెచ్‌పీ అయితే ఎఫ్10. బయాస్ విండోస్ కంటే ముందే వస్తుంది కాబట్టి అక్కడ నైట్ లైట్, కలర్ ప్రొఫైల్ ఆటలు సాగవు. అక్కడ కూడా రంగు తేడాగా ఉంటే లోపం హార్డ్‌వేర్‌లోనే. డెల్ మెషీన్లలో ఇంకో సదుపాయం ఉంది: డి కీని నొక్కిపట్టి పవర్ ఆన్ చేస్తే తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూస్తే తెలుస్తుందని చెప్పేవాళ్లుంటారు. ఆ మాట పట్టుకోకండి. నైట్ లైట్ వల్ల వచ్చే పసుపు స్క్రీన్‌షాట్‌లో పడదు. ఫోన్‌లో బొమ్మ శుభ్రంగా కనిపిస్తుంది, మీరేమో ప్యానెల్ (అసలు తెర) పోయిందనుకుంటారు.

బయాస్‌లో బాగుండి విండోస్‌లోనే తేడా ఉంటే సర్వీస్ సెంటర్‌తో పని లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లేలోకి పోయి నైట్ లైట్, హెచ్‌డీఆర్ (వెలుగు, రంగుల తేడా పెంచే మోడ్) ఆపండి. యాక్సెసిబిలిటీలో కలర్ ఫిల్టర్స్ చూడండి. కంపెనీ వేసి ఇచ్చిన యాప్‌లో ఐ కేర్ లాంటి మోడ్ ఉంటే అదీ ఆపండి. ఎక్కువమందికి తట్టనిది ఇంకొకటి ఉంది. చార్జర్ తీసినప్పుడు మాత్రమే రంగులు వెలిసినట్టుంటే అది బ్యాటరీ ఆదా చేసే ఫీచర్. ఏఎండీ మెషీన్లలో దాని పేరు వారీ-బ్రైట్. అప్పటికీ కుదరకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది.

హార్డ్‌వేర్ అని తేలాక మరక తీరు చూడండి, వారంటీ వస్తుందో రాదో చాలావరకు అక్కడే తెలుస్తుంది. మూత కొంచెం కొంచెం వంచుతుంటే గులాబీ, ఆకుపచ్చ రంగులు వచ్చి పోతున్నాయంటే హింజ్ (మూత కీలు) పక్కనుంచి పోయే డిస్‌ప్లే కేబుల్ నలిగిందని అనుమానించాలి; ప్యానెల్ మార్చకుండానే బాగయ్యే అవకాశముంది. హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపితే అక్కడా అవే మరకలు, గీతలు కనిపిస్తే గ్రాఫిక్స్ చిప్ సంగతి, అంటే మదర్‌బోర్డు. అంచుల్లో పసుపు పాకడం బ్యాక్‌లైట్ (తెర వెనక వెలుగు) లోపమో, పోలరైజర్ పొర వేడికి చెడిపోవడమో కావచ్చు. 44, 45 డిగ్రీల నల్లగొండ ఎండలో అద్దాలు మూసిన కారులో ల్యాప్‌టాప్ వదిలితే తెరకు మంచిది కాదు. టార్చి వేసినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తే బ్యాగులో పుస్తకాల బరువు మూత మీద పడి లోపలి పొరలు నొక్కుకుపోయి ఉండొచ్చు. కంపెనీకీ కస్టమర్‌కూ ఎక్కువ పేచీ వచ్చేది ఈ చుక్కల దగ్గరే. సిరా ఒలికినట్టు నల్లగా పాకుతుంటే లోపల గాజు పగిలినట్టు. మామూలు వారంటీ వర్తించదు, యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ విడిగా కొని ఉంటేనే దారి.

మరక పోతుందేమోనని వేలితో నొక్కకండి. అద్దాలు తుడిచే స్ప్రే నేరుగా కొట్టకండి. చుక్క కిందికి జారి కింది అంచులో ఉండే సర్క్యూట్‌ను తగిలితే అది నీటి డ్యామేజ్ ఖాతాలోకి పోతుంది. వారంటీ ఉన్నన్నాళ్లు బజార్లో రిపేర్ దుకాణంలో విప్పించకండి కూడా.

ఇక సాక్ష్యం. తెర నిండా తెలుపు, బూడిద రంగు, నలుపు బొమ్మలు పెట్టి ఒక్కోటి ఫొటో తీయండి. పక్కన ఇంకో ల్యాప్‌టాప్‌లో తెల్ల పేజీ తెరిచి రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా చూడండి, అప్పుడు కెమెరా రంగు మార్చిందన్న మాట రాదు. బయాస్ తెర ఫొటో తప్పనిసరి. తెర నాలుగు మూలలు, మూత వెనక, హింజ్‌లు, కింద సీరియల్ నంబర్ స్టిక్కర్ కూడా తీయండి. అప్పగించేటప్పుడు పగులు లేదని చూపేవి ఇవే.

సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడండి. దుకాణంలో చాన్నాళ్లు పడి ఉన్న పీస్ అయితే మీరు కొన్న తేదీకన్నా ముందే వారంటీ మొదలైనట్టు చూపించవచ్చు. జీఎస్టీ బిల్లు పంపి తేదీ సరిచేయమని అడగాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన మెషీన్‌కు ఇక్కడ సర్వీస్ ఉందో లేదో ముందే అడగండి.

ఫోన్‌లో ఫిర్యాదు చేసినా మెయిల్ కూడా పెట్టండి. "డిస్‌ప్లే డిస్కలరేషన్, బయాస్‌లోనూ కనిపిస్తోంది, ఫిజికల్ డ్యామేజ్ లేదు" అన్న మూడు ముక్కలు అందులో ఉండాలి. మీ వారంటీ ఆన్‌సైటా (ఇంజనీర్ ఇంటికి రావడం), క్యారీ-ఇన్నా (మీరే తీసుకుపోవడం) అడగండి. ఆన్‌సైట్ అంటే మీ పిన్‌కోడ్‌కు, 508001కో 509001కో, ఇంజనీర్ వస్తాడా అని కచ్చితంగా తేల్చుకోండి. మండలాల్లో ఉన్నవాళ్లు మరీను. కేస్ నంబర్ రాసుకోండి.

ఇచ్చేముందు డేటా బ్యాకప్ తీసుకోండి. తెర మార్చితే డేటా ఉండే ఎస్‌ఎస్‌డీని ముట్టుకోరు గానీ, మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే విండోస్ బిట్‌లాకర్ (డేటాకు వేసే తాళం) రికవరీ కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటే ఆ 48 అంకెలు ముందే రాసిపెట్టుకోండి. మీ పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఖాళీ లోకల్ అకౌంట్ ఒకటి తెరిచి ఇవ్వండి. సర్వీస్ సెంటర్ రాసిచ్చే జాబ్ షీట్‌లో బాడీ స్థితి ఏం రాశారో చదివాకే సంతకం.

కొత్త తెర వేశాక ఇంజనీర్ ముందే చూసుకోండి: తెలుపు, నలుపు, బ్రైట్‌నెస్ కిందికీ పైకీ, కెమెరా, మైకు, మూత మూస్తే స్లీప్‌లోకి పోతుందా, తెర చుట్టూ ఉన్న చట్రానికి (బెజెల్) సందులు ఉన్నాయా. వైఫై యాంటెనా వైర్లు చాలా మోడళ్లలో మూతలోనే ఉంటాయి, నలిగితే సిగ్నల్ పడిపోతుంది. గది అవతలికి పోయి చూడండి. మీ పాత తెర 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఎక్కువ రంగులు చూపేది) అయితే 45 శాతం ఎన్‌టీఎస్‌సీది (తక్కువ రంగులు చూపేది) వేయలేదని జాబ్ షీట్‌లో చూడండి. అది వేస్తే రంగులు మళ్లీ వెలిసినట్టే ఉంటాయి.

"సార్, ఇది సీఐడీ కింద వస్తది" అన్నారంటే కస్టమర్ వల్ల జరిగిన డ్యామేజ్ అని అర్థం. గొడవ పడకుండా, పగులు ఎక్కడుందో ఫొటోతో మెయిల్ పెట్టమనండి. మీ ఫొటోలు జతచేసి పైస్థాయికి పంపమని అదే మెయిల్‌కు జవాబివ్వండి. కదలిక లేకపోతే 1915, నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా సరే. రూ. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయొచ్చు. వివాదం మొదలైన రోజు నుంచి 2 ఏళ్ల లోపు వేయాలి. బిల్లు, జాబ్ షీట్, మెయిళ్లు, ఫొటోలు జత చేయండి.