మన ఊర్ల వినబడ్డ నాగ్‌పూర్ రేడియో చరిత్ర రాయాలంటే ఎట్ల మొదలు పెట్టాలె

మహారాష్ట్ర బార్డర్ల ఉన్న బల్లార్షా, చంద్రపూర్, సిరోంచ సైడు మనోళ్లు చాలామంది అడుగుతున్నరు, పాత రేడియో ముచ్చట్లు ఒకచోట రాసి పెడదాం అంటే ఎక్కడ షురూ చేయాలె అని. నేను మూడేండ్ల సంది ఇదే పని మీద ఉన్న, చేసిన తప్పులే ఎక్కువ, అవే చెప్త.

ముందు ఏ స్టేషన్ గురించి రాస్తున్నరో తేల్చుకోండ్రి. ఇది చిన్న మాట అనిపిస్తది గానీ అందరం ఇక్కడనే బోల్తా పడ్తం, ఎందుకంటే మన దగ్గర "నాగ్‌పూర్ రేడియో" అంటే మూడు నాలుగు వేరే వేరేవి కలిపి అనేస్తరు. నాగ్‌పూర్ ఆకాశవాణి 1948ల మొదలైంది. ఆకాశవాణిదే పాటల ఛానల్ వివిధ్ భారతి 1957 అక్టోబర్ 3న వచ్చింది, కానీ దాంట్ల యాడ్స్ లేవు. యాడ్స్ మొదలైంది 1967 నవంబర్ 1న, అదీ ముందుగాల బొంబాయి, నాగ్‌పూర్, పుణెలల్ల. అంటే దేశంల ఆకాశవాణి కమర్షియల్ అయిన మొదటి ఊర్లల్ల మన పక్క నాగ్‌పూర్ ఒకటి, మన పిల్లలకు ఎవరికీ ఈ సంగతి తెల్వదు. ఇగ ప్రైవేటు ఎఫ్ఎమ్ కథ వేరే, మొదటిది 2001 జులైల బెంగుళూరుల వచ్చింది, నాగ్‌పూర్ దాకా రావాలంటే సర్కారు 2005ల తెచ్చిన ఎఫ్ఎమ్ పాలసీ రావాల్సొచ్చింది.

ఈ తారీకులు ఒక కాగితం మీద రాసుకొని జేబుల పెట్టుకోండ్రి, ముసలోళ్ల దగ్గరికి పోయేటప్పుడు మస్తు పనికొస్తయి. నాకు ఎట్ల తెలిసిందంటే, మా పెద్దబాపు బొగ్గు గనిల చేసిండు, ఆయన చెప్పిండు 65 లడాయి టైంల నాగ్‌పూర్ రేడియోల సబ్బు యాడ్ విన్న అని, పాట కూడ పాడి చూపిచ్చిండు, నేను మురిసిపోయి అట్లనే రాసి పదిమందికి పంపిన. 67 కంటే ముందు నాగ్‌పూర్ల యాడ్ ఎక్కడిది అని ఒకాయన పట్టుకున్నడు, నా మొఖం ఇంత అయ్యింది. మళ్ల పోయి పెద్దబాపును ఇంకో తీరుగ అడిగిన, ముల్లు ఎక్కడ పెట్టేది, పగలా రాత్రా, పెట్టె మీద బటన్ ఏది ఒత్తేది అని. "రాత్రి రా, నలభై ఒకటి మీటర్ల మీద, గుయ్ గుయ్ మని దూరం పోయి దగ్గరికొచ్చేది" అన్నడు. అది షార్ట్‌వేవ్, దూరదేశాల నుంచి కూడ వినొచ్చే రేడియో, అంటే ఆయన విన్నది చాలామట్టుకు రేడియో సిలోన్ (శ్రీలంకది), వాళ్లు 50లల్లనే యాడ్స్ తోటి హిందీ పాటలు వేసేటోళ్లు. పెద్దబాపు అబద్ధం చెప్పలేదు, పెట్టె ఒక్కటే గనక అన్నీ నాగ్‌పూర్ అయినయి.

అందుకే ఏ సంవత్సరం అని అడగకండ్రి, ఎవరికీ గుర్తుండదు, ఉన్నా తప్పే చెప్తరు. ఎమర్జెన్సీ ముందా తర్వాతా, గడ్చిరోలి జిల్లా (1982 ఆగస్టు) కాకముందా అయినాకనా, ఇందిరమ్మ చచ్చిపోయిన రోజు ఏ పెట్టెల విన్నరు, కపిల్ దేవ్ కప్పు గెల్చినప్పుడు ఏ హోటల్ల కూసున్నరు, గిట్ల అడిగితే మాట దానంతట అదే వస్తది.

డయల్ అద్దం, అంటే పెట్టె మీద స్టేషన్ నంబర్లుండే అద్దం, ఉంటే వదలకండ్రి. ఒకరింట్ల పాత వాల్వ్ సెట్ (ట్రాన్సిస్టర్ రాకముందు గాజు బల్బుల రేడియో) చూసిన, అద్దం మీద ఆ ఇంటి అమ్మ గోళ్ల రంగుతోటి రెండు ఎర్ర చుక్కలు పెట్టుకుంది, ఒకటి 585 కిలోహెర్ట్జ్ దగ్గర అంటే నాగ్‌పూర్, ఇంకోటి 738 దగ్గర, అది హైదరాబాద్. చదువు రాని మనిషి, చుక్కలు చూసి స్టేషన్ పట్టేది. ఆ రెండు చుక్కలే మన బార్డరోళ్ల జాతకం అనిపిచ్చింది, సగం అటు సగం ఇటు. ఒక జాగ్రత్త ఏందంటే 1978 నవంబర్ల మీడియంవేవ్ (ఈ నాగ్‌పూర్, హైదరాబాద్ స్టేషన్లు వచ్చే బ్యాండు) నంబర్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంతోటి కొత్తగ సర్దిన్రు, దానికంటే ముందు చుక్కలు ఇయాల్టి నంబర్లకు అచ్చం కలవయి, కొంచెం పక్కకుంటే భయపడకండ్రి.

కాగితాల విషయానికొస్తే స్టేషన్ల లాగ్‌బుక్కుల (ఏ రోజు ఏం వేసిన్రో రాసుకునే పుస్తకాల) కోసం తిరిగి చెప్పులు అరగదీసుకునుడు కంటే దుకాణాలకు పోవుడు నయం. కమర్షియల్ రేడియో అంటే సెకన్ల లెక్కన టైం అమ్ముకునుడు, కొన్నోని దగ్గర బిల్లు ఉంటది. చీరల షాపు, ఆయుర్వేద మందులోళ్లు, సినిమా హాలు, వీళ్ల పాత ఫైళ్లు అడగండ్రి, సేట్ ఒప్పుకుంటే ఫోన్ల ఫోటో తీసుకోండ్రి, బయటికి తీస్కపోకండ్రి. ఇండ్లల్లనైతే రేడియో లైసెన్స్ బుక్కు అడగండ్రి, పోస్టాఫీసుల ఏడాదికోసారి పైసలు కట్టి ముద్ర వేయించుకునేటోళ్లు, 80లల్ల తీసేసిన్రు. పెట్టె ఎప్పుడు కొన్నరో అండ్ల పక్కాగ దొరుకుతది. మెకానిక్కులను కూడ మర్చిపోవద్దు, ఎవరింట్ల ఏ సెట్టు ఉందో పూజారి కంటే వాళ్లకే ఎక్కువ తెలుసు.

ప్రైవేటు ఎఫ్ఎమ్ గురించి రాస్తే లోకల్ వార్తల కోసం వెతకకండ్రి, వాళ్లకు సొంత వార్తలు చదివే పర్మిషనే లేదు. యాడ్స్, పోటీలు, ఫోన్ కాల్సే వాళ్ల చరిత్ర. ఎఫ్ఎమ్ సిగ్నల్ చూపు మేరకే పోతది, గుట్ట అడ్డమొస్తే తెగుతది, గందుకే ఏ ఊర్ల ఏ మేడ మీద వినొచ్చేదో రాసుకోండ్రి. అటు మహారాష్ట్ర స్టేషన్లు, ఇటు 1986ల వచ్చిన ఆదిలాబాద్ ఆకాశవాణి, ఎవరింట్ల ఏది పెట్టుకున్నరో అడిగితే ఇంట్ల ఏ భాష నడిచిందో కూడ తెలుస్తది.

రేడియో నుంచి రికార్డ్ చేసుకున్న క్యాసెట్ దొరికితే వెంటనే ప్లే కొట్టకండ్రి, నేను కొట్టి ఒకటి నాశనం చేసిన, టేపు అతుక్కపోయి ఉండె, పుటుక్కుమన్నది. ముందు క్యాసెట్ అంచు మీద ఉండే బుజ్జి ప్లాస్టిక్ ట్యాబులు విరగ్గొట్టండ్రి, మీద రికార్డ్ పడకుండ. తర్వాత చివరి దాకా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిప్పండ్రి, టేపు వదులైతది. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కు వైరు, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగ దొరుకుతది, వాల్యూం మీటర్ ఎర్రల పడకుండ సగానికి పెట్టి డబ్ల్యూఏవీ (శబ్దం తగ్గని) ఫైల్ చేసుకోండ్రి, ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు. పాట మొత్తం ఎక్కడా పెట్టకండ్రి. ప్రసారం మీద స్టేషన్ హక్కు 25 ఏండ్లకే పోతది గానీ పాట హక్కు అంత తొందరగ పోదు. అనౌన్సర్ గొంతు, యాడ్ ముక్క చాలు.

ఫైలుకు పేరు పెట్టేటప్పుడు తారీకు, ఊరు, ఎవరింట్ల దొరికింది, మూడూ రాయండ్రి. నేను "పాత రేడియో 1" నుంచి "పాత రేడియో 46" దాకా పెట్టిన, ఇప్పుడు ఏది ఎవరిదో తెలుసుకునేందుకు మళ్ల ఇల్లిల్లు తిరుగుతున్న.