వానలకు ముందు పాత వీడియో క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చేవారికి జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్లలో పెళ్లిళ్లు, సిరిమానోత్సవం, తప్పెటగుళ్ల ప్రదర్శనలు చిత్రించిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉన్నవారు, వాటిని మార్పించే ముందు ఇవి చూసుకోవాలి.

బూజు పట్టిన టేపును ఎట్టి పరిస్థితిలోనూ వీసీఆర్‌లో (క్యాసెట్ ఆడించే యంత్రంలో) పెట్టకూడదు. మన తీరప్రాంతపు తేమకు రీలు అంచున తెల్లటి పొడిలా బూజు చేరుతుంది. దానిని అలాగే తిప్పితే టేపుపై గీతలు పడి బొమ్మ శాశ్వతంగా పోవడమే గాక, యంత్రంలో టేపును చదివే భాగమైన హెడ్‌కు అంటుకున్న బూజు తరువాత పెట్టే మంచి క్యాసెట్లకూ పాకుతుంది. అటువంటి వాటిని విడిగా ఉంచి, శుభ్రపరచడం తెలిసినవారికే అప్పగించాలి.

క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును (రికార్డింగ్ ట్యాబ్) ముందే విరిచేయండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా పాత దృశ్యం చెరిగిపోదు.

విలువ తక్కువ క్యాసెట్‌ను ముందుగా ఆడించి యంత్రాన్ని పరీక్షించండి. ప్రపంచంలో వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది కాబట్టి, దొరికేవన్నీ పాతవే, టేపును నమిలేవీ ఉంటాయి.

వాట్సాప్‌లో వచ్చిన వీడియోతో సరిపెట్టుకోవద్దు. అది కుదించిన ప్రతి. అసలు ఫైలునే అడిగి తీసుకోవాలి.

రెండవ ప్రతిని వేరే ఊరిలోని బంధువుల దగ్గర ఉంచండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపానుల తాకిడి చూసిన మనకు, ఒకే ఇంట్లోని రెండు హార్డ్ డిస్కులు భద్రత కావు.

మార్పిడి అయ్యాక కూడా అసలు క్యాసెట్లను పారవేయకూడదు.