వానలు పట్టకముందే మినీ డీవీ క్యాసెట్లు ఎక్కించుకోండి

తిరుపతిలో అసలు వానలు అక్టోబరులో మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాలు పట్టుకుంటే డిసెంబరు దాకా గోడలు చెమ్మగిల్లుతూనే ఉంటాయి. బీరువాలో పట్టుచీరల అడుగున పెళ్లినాటి మినీ డీవీ క్యాసెట్లు (హ్యాండీక్యామ్‌లలో వాడిన చిన్న వీడియో టేపులు) దాచుకున్నవారు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని సెప్టెంబరులోగా ముగించడం మంచిది. ఈ పనిలో డెక్‌కు, అంటే క్యాసెట్‌ను ఆడించే యంత్రానికి, తేమను మించిన శత్రువు లేదు.

నాకు ఆ సంగతి తెలిసిన తీరు చెబుతాను. ఒక కార్తీక మాసంలో తిరుచానూరు నుంచి ఒక పెద్దాయన పెళ్లి క్యాసెట్ తెచ్చారు. "కాస్త త్వరగా చూడు నాయనా, అమ్మాయి రేపే ప్రయాణం" అన్నారు. ఏసీ గదిలో చల్లగా ఉన్న డెక్‌ను ఆయనకు చూపించే ఉత్సాహంలో వరండాలోని టీవీ దగ్గరికి తెచ్చాను. బయట జల్లు పడుతోంది. తేమ గుర్తు వెలిగింది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే పోయింది కదా అని క్యాసెట్ పెట్టాను. డెక్ లోపల టేపును చదువుతూ తిరిగే చల్లని డ్రమ్ మీద నీరు పట్టి ఉంది. టేపు దానికి అతుక్కుని జానెడు మేర నలిగిపోయింది. మినీ డీవీ టేపు సెకనుకు రెండు సెంటీమీటర్ల లోపే నడుస్తుంది కాబట్టి జానెడంటే పది పన్నెండు సెకన్లు. అదృష్టం కొద్దీ అది భోజనాల పంక్తి. తాళి కట్టే చోట జరిగి ఉంటే ఆయన ముఖం చూడగలిగేవాడిని కాదు.

అందుకని, చల్లని గదిలోంచి తెచ్చిన డెక్‌ను కనీసం గంటసేపు ముట్టుకోకండి. తేమ గుర్తు పోయినా ఆ గంట ఆగండి. క్యాసెట్ తలుపు మెల్లగా ఎత్తి టేపు అంచు చూడండి. తెల్లని పొడిలాంటి బూజు కనిపిస్తే డెక్‌లో పెట్టనే వద్దు, ఆ బూజు తర్వాతి క్యాసెట్లకూ అంటుకుంటుంది. అంచు శుభ్రంగా ఉంటే వెనకనున్న చిన్న మీటను 'సేవ్' వైపు జరిపి, ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టండి. ఏళ్ల తరబడి కదలని చుట్టలు సర్దుకుంటాయి.

టేపు ఆడుతుండగా బొమ్మ గళ్లు గళ్లుగా పగిలిందనుకోండి. వెంటనే ఆపండి, మళ్లీ మళ్లీ ప్లే నొక్కకండి. పాడయ్యేదంతా ఆ తర్వాతి ప్రయత్నాల్లోనే. ముందుగా డెక్‌ను నేరుగా టీవీకి తగిలించి చూడండి. టీవీలో బాగుండి కంప్యూటర్‌లో తెగుతుంటే లోపం కేబుల్‌దో కంప్యూటర్‌దో. టీవీలోనూ పగులుతుంటే పగుళ్లు ఎలా ఉన్నాయో గమనించండి. డ్రమ్ మీద టేపును చదివే రెండు హెడ్లు ఉంటాయి. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో ఒక్కో ఫ్రేము, అంటే ఒక్కో బొమ్మ, 12 అడ్డపట్టీలుగా టేపు మీదకు ఎక్కుతుంది, పట్టీలను రెండు హెడ్లూ వంతులవారీగా చదువుతాయి. పట్టీ విడిచి పట్టీ గళ్లు గళ్లుగా కనిపిస్తే ఒక హెడ్‌కు మురికి పట్టిందని అర్థం. అప్పుడు పొడి క్లీనింగ్ క్యాసెట్‌ను పది సెకన్లు నడిపి తీసేయండి, దాన్ని వెనక్కి చుట్టకండి. ఇయర్‌బడ్స్‌తో తుడిచే వీరులను నేను చూశాను, దూది పోగు తగులుకుని హెడ్ విరిగితే ఆ డెక్ పని అయిపోయినట్టే.

మిగతా క్యాసెట్లన్నీ బాగా నడిచి ఒక్కటే మొరాయిస్తే అది ఎల్పీ అనే నెమ్మది వేగంలో తీసినదేమో అడగండి. అరవై నిమిషాల టేపులో తొంభై నిమిషాలు ఇరికించిన అలాంటి క్యాసెట్లు తరచు తీసిన కెమెరాలోనే సరిగా ఆడతాయి.

డెక్‌ను కంప్యూటర్‌కు కలిపే ఫైర్‌వైర్ కేబుల్‌ను రెండు వైపులా కరెంటు ఆపాకే తగిలించండి. పెద్ద ప్లగ్గును తిరగేసి బలవంతంగా నొక్కితే పోర్టు కాలిపోతుంది. పాత ల్యాప్‌టాప్ ఉంటే పారేయకండి, ఆపిల్ కంప్యూటర్ల మ్యాక్‌ఓఎస్ 26లో ఫైర్‌వైర్ ఆసరానే తీసేశారు. గంట వీడియోకు దాదాపు 13 జీబీ కావాలి. ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్న డిస్కులోకి ఎక్కిస్తే 4 జీబీ దగ్గర, అంటే ఇరవై నిమిషాలకు అటూ ఇటుగా, ఫైలు ఆగిపోతుంది. చాలామంది దాన్ని టేపు దోషమని భ్రమపడతారు. పెళ్లిలో కెమెరా ఆపి, మధ్యలో ఖాళీ టేపు వదిలి తీసిన చోట టైమ్‌కోడ్ (టేపు మీద నమోదయ్యే సమయపు లెక్క) మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, సాఫ్ట్‌వేర్ అక్కడ తడబడుతుంది. డెక్‌ను చేత్తోనే ప్లే చేసి, కంప్యూటర్‌ను ఉత్తినే రికార్డు చేయనివ్వండి.

వానకు కరెంటు పోవడం మామూలే కాబట్టి డెక్‌నూ కంప్యూటర్‌నూ యూపీఎస్‌కు కలపండి. టేపు డ్రమ్ చుట్టూ ఉండగా ఆగిపోతే క్యాసెట్‌ను చేత్తో లాగవద్దు, కరెంటు వచ్చాక డెక్ తనంతట తాను వదులుతుంది.

పని అయ్యాక ఫైలు మొదలు చూసి సరిపెట్టుకోకండి. చివరి ఐదు నిమిషాలు తప్పకుండా చూడండి, అప్పగింతలు ఉండేది అక్కడే.