కొత్తవి కొనకుండా కుర్తీలు కుదిరాయి

బీరువా నిండా కుర్తీలే, ఆఫీసుకి వేసుకుందామంటే ఒక్కటీ నప్పదు. ఒక్కోటి వేసుకుని అద్దంలో చూస్తే తేడా నడుము దగ్గర కాదు, భుజం దగ్గర తేలింది. రెడీమేడ్ కుర్తీల్లో చాలావాటికి భుజం కుట్టు చేతి మీదికి జారిపోతోంది. అలా ఉంటే పక్కలు ఎంత బిగించినా గోనెసంచిలాగే ఉంటుంది. టైలర్ కుర్తీ చేతుల కుట్టు విప్పి, భుజం ముప్పావు అంగుళం లోపలికి తీసి మళ్లీ అతికాడు. పక్క కుట్లు ఆ తర్వాతే పట్టించాను. కూలి కాస్త ఎక్కువే, కానీ కొత్త కుర్తీ కంటే తక్కువ.

పిక్క లావుగా ఉన్నచోట ఆగే పొడవుల్ని మోకాలి దాకా తగ్గించాం. మిగిలిన గుడ్డతో ఒకదానికి జేబు కూడా వచ్చింది (ఆడవాళ్ల బట్టలకి జేబులెందుకు పెట్టరో!).

బిగుతైన జాకెట్లకి లోపల వదిలిన గుడ్డ ఉంటే కుట్టు విప్పితే చాలు. పట్టు మీద మాత్రం పాత కుట్టు గీత కనిపిస్తుంది, అందుకే వాటి జోలికి పోలేదు.

కొన్నవల్లా అన్నిటికీ కలిసే నలుపు, లేత గోధుమరంగు ప్యాంట్లు, ఒక మంగళగిరి నేత చున్నీ. కాటన్ అయితే టైలర్‌కి ఇచ్చేముందే ఒకసారి ఉతికేయండి, కుంచించుకుపోయేది అప్పుడే కుంచించుకుపోతుంది.