క్లౌడ్ కాపలా – 3వ పాఠం: తొలి అలారం

పోయిన పాఠంలో అమెజాన్ వారి క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో ఎస్‌ఎన్‌ఎస్ టాపిక్ (కబుర్లు చేరవేసే మార్గం) తయారుచేసి, మీ ఈమెయిల్‌ను దానికి చందాదారుగా చేర్చాం. ముందు అది ఒకసారి చూసుకోండి. సబ్‌స్క్రిప్షన్ పక్కన ఇంకా 'పెండింగ్ కన్ఫర్మేషన్' అనే ఉంటే, మెయిల్లో వచ్చిన లింకు మీరు నొక్కలేదన్నమాట. అది నొక్కేదాకా అలారం ఎంత మోగినా మీకు కబురు రాదు. ఇంకొక సంగతి: టాపిక్, సర్వర్, అలారం మూడూ ఒకే రీజియన్‌లో ఉండాలి. సర్వర్ ముంబైలో, టాపిక్ హైదరాబాద్‌లో ఉంటే అలారం పెట్టేటప్పుడు ఆ టాపిక్ జాబితాలోనే కనిపించదు.

ఈ పాఠంలో ఒక ఈసీ2 సర్వర్ (అమెజాన్ అద్దెకిచ్చే కంప్యూటర్) సీపీయూ వాడకానికి హద్దు పెడతాం, అది దాటితే అలారం మోగుతుంది.

హద్దు ఎంత పెట్టాలన్నది ఊహతో తేల్చకండి. క్లౌడ్‌వాచ్‌లో (సర్వర్ల లెక్కలు చూపి, అలారాలు మోగించే సేవ) ఆ సర్వర్ సీపీయూ యుటిలైజేషన్ గ్రాఫ్ తెరిచి రెండు వారాల వెనక్కి వెళ్లండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. రెండు వారాలు ఒకేసారి చూపమంటే కన్సోల్ (ఏడబ్ల్యూఎస్ వెబ్ పేజీ) తనంతట తానే పీరియడ్‌ను, అంటే గ్రాఫ్‌లో ఒక్కో చుక్క ఎంతసేపటి లెక్కో దాన్ని, పెంచేస్తుంది. అప్పుడు గంటలకొద్దీ లెక్కలు ఒకే సగటుగా మారి, శిఖరాలన్నీ చదునైపోతాయి. పీరియడ్‌ను మీరే 5 నిమిషాలకు మార్చండి. రోజూ మామూలుగా 55 శాతం దాకా వెళ్లే సర్వర్‌కు 80 సరైన హద్దు. రోజూ రాత్రి బ్యాకప్ వేళ 85కి వెళ్లి క్షేమంగా దిగే సర్వర్‌కు అదే 80 పెడితే రోజూ రాత్రి మోగుతుంది. వారం తిరిగేసరికి 'నాన్నా, పులి' కథే: అసలు పులి వచ్చిన రోజున ఆ మెయిల్‌ను ఎవరూ తెరవరు.

ఇక కన్సోల్‌లోకి. క్లౌడ్‌వాచ్‌లో 'ఆల్ అలారమ్స్', అక్కడ 'క్రియేట్ అలారం', తర్వాత 'సెలెక్ట్ మెట్రిక్'. ఈసీ2 కింద 'పర్-ఇన్‌స్టెన్స్ మెట్రిక్స్' తెరిచి, వెతికే పెట్టెలో మీ సర్వర్ ఐడీ అతికించి, సీపీయూ యుటిలైజేషన్‌కు టిక్ పెట్టండి. స్టాటిస్టిక్ యావరేజ్, పీరియడ్ 5 నిమిషాలు. కండిషన్‌లో 'స్టాటిక్', 'గ్రేటర్', 80.

పీరియడ్ 1 నిమిషం పెడితే ఇంకా త్వరగా తెలుస్తుంది కదా అనిపిస్తుంది. కానీ ఈసీ2 మామూలుగా 5 నిమిషాలకొకసారే లెక్క పంపుతుంది. డీటెయిల్డ్ మానిటరింగ్ ఆన్ చేస్తేనే నిమిషానికొకటి వస్తుంది, దానికి విడిగా డబ్బు కట్టాలి. అది లేకుండా పీరియడ్ 1 నిమిషం పెడితే ప్రతి ఐదు గళ్లలో నాలుగు ఖాళీగా ఉంటాయి. అలారానికి ఏం తేల్చాలో తెలియక 'ఇన్‌సఫిషియెంట్ డేటా'లో పడుతుంది.

'అడిషనల్ కాన్ఫిగరేషన్' అనే మడత మూసి ఉంటుంది. దాన్ని తప్పక విప్పండి, ఈ పాఠంలో ముఖ్యమైనది అక్కడే ఉంది. 'డేటాపాయింట్స్ టు అలారం' దగ్గర మొదట 1కి 1 అని ఉంటుంది, అంటే ఒక్కసారి హద్దు దాటినా మోగుతుంది. దాన్ని 5లో 3 చేయండి, అంటే చివరి ఐదు లెక్కల్లో ఏ మూడు హద్దు దాటినా మోగాలి. ఎందుకో ఈ అంకెల్లో చూడండి: 10:00కి 62, 10:05కి 91, 10:10కి 58, 10:15కి 88, 10:20కి 86. వరసగా మూడుసార్లు దాటితేనే మోగాలని 3కి 3 పెట్టి ఉంటే ఇక్కడ మోగదు, మధ్యలో ఆ 58 గొలుసు తెంపేసింది. 5లో 3 పెడితే మోగుతుంది. 1కి 1 పెడితే 10:05 నాటి ఒక్క శిఖరానికే మోగేది. 10:20 అంకె 10:20 నుంచి 10:25 వరకు జరిగినదానికి సగటు కాబట్టి మెయిల్ వచ్చేది 10:25 దాటాకే. ఆ ఆలస్యం మీ పనికి కుదరదనుకుంటే డీటెయిల్డ్ మానిటరింగ్‌కు డబ్బు పెట్టడం సబబే.

దాని కిందే 'మిస్సింగ్ డేటా ట్రీట్‌మెంట్'. లెక్క రాకపోతే ఏమనుకోవాలి అని అడుగుతోంది. రాత్రిపూట మీరే ఆపేసే సర్వర్‌కు 'మిస్సింగ్' అనే ఉంచండి. ఇరవై నాలుగు గంటలూ నడవాల్సిన సర్వర్‌కు 'బ్యాడ్', అంటే హద్దు దాటినట్టే లెక్కించు, అని పెట్టండి. లెక్క ఆగిందంటే సర్వరే ఆగి ఉండొచ్చు. లోడ్ బ్యాలెన్సర్ (రద్దీని సర్వర్లకు పంచేది) చూపే 5ఎక్స్‌ఎక్స్ ఎర్రర్ల (సర్వర్ వైపు తప్పుల) లెక్కకు మాత్రం దీనికి తలకిందులు: ఎర్రర్లు లేనప్పుడు అది సున్నా పంపదు, అసలేమీ పంపదు. అక్కడ 'గుడ్' పెట్టాలి. లేకపోతే అంతా బాగున్నప్పుడే అలారం అయోమయంలో ఉంటుంది.

తర్వాతి పేజీలో 'ఇన్ అలారం'కు మీ టాపిక్ ఎంచుకోండి. మరో నోటిఫికేషన్ చేర్చి 'ఓకే'కు కూడా అదే ఇవ్వండి, సద్దుమణిగిందని తెలియాలి కదా. డిస్క్రిప్షన్‌ను ఖాళీగా వదలకండి. అర్ధరాత్రి నిద్రమత్తులో చదివే మనిషికి పనికొచ్చేలా రాయండి: ఏ సర్వర్, అందులో ఏం నడుస్తుంది, ముందు ఏం చూడాలి. ఎందుకంటే స్థితి మారినప్పుడే క్లౌడ్‌వాచ్ మెయిల్ పంపుతుంది. సీపీయూ మూడు గంటలు 95లోనే ఉన్నా వచ్చేది ఒక్క మెయిలే.

పెట్టిన అలారాన్ని పరీక్షించకుండా వదలొద్దు. క్లౌడ్‌షెల్ (బ్రౌజర్‌లోనే కమాండ్లు టైప్ చేసే చోటు) తెరిచి సెట్-అలారం-స్టేట్ కమాండ్‌తో స్థితిని 'అలారం'కు మార్చండి. మెయిల్ రావాలి. తర్వాతి లెక్కింపులో అది తన అసలు స్థితికి తిరిగొస్తుంది, అప్పుడు 'ఓకే' మెయిల్ కూడా రావాలి. స్థితి మారినా మెయిల్ రాలేదంటే అలారం 'హిస్టరీ' చూడండి, పంపడంలో ఏం తప్పిందో అక్కడ ఉంటుంది. టాపిక్‌కు ఎస్‌ఎన్‌ఎస్ వారి డిఫాల్ట్ కేఎంఎస్ తాళం (ఎన్‌క్రిప్షన్ కీ) వేసి ఉంటే క్లౌడ్‌వాచ్ దానికి రాయలేదు. మీ సొంత తాళం చేసి, దాని పాలసీలో క్లౌడ్‌వాచ్‌కు అనుమతి ఇవ్వాలి.

ఇప్పుడు ఈ అలారం కంటికి చిక్కని ప్రమాదం ఒకటి. ముంబైలో టీ2.మైక్రో (చిన్న రకం ఈసీ2 సర్వర్) ఒకటి స్టాండర్డ్ మోడ్‌లో నడుస్తోందనుకుందాం. దానికి గంటకు 6 సీపీయూ క్రెడిట్లు జమ అవుతాయి, నిల్వ 144 మించదు. ఒక క్రెడిట్ అంటే ఒక నిమిషం పాటు నిండు సీపీయూ. సీపీయూ 40 శాతంలో నిలకడగా నడిస్తే గంటకు 24 ఖర్చు, 6 జమ, నికరంగా 18 కరుగుతాయి. నిండా 144 ఉన్నా 8 గంటల్లో సున్నా. ఆపైన సీపీయూ 10 శాతానికి కుదించుకుపోతుంది. సైట్ తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంది, వాడేవాళ్లు ఫోన్లు చేస్తుంటారు, మీ గ్రాఫ్ మాత్రం 10 దగ్గర ప్రశాంతంగా ఉంటుంది. 80 హద్దు ఒక్కసారి కూడా దాటలేదు. అంతకంటే చేటు: మొదట్లో సీపీయూ 90కి వెళ్లి అలారం మోగి ఉంటే, క్రెడిట్లు అయిపోయి సర్వర్ చతికిలబడగానే 'ఓకే' మెయిల్ వస్తుంది.

అందుకని టీ వరుస సర్వర్లకు రెండో అలారం పెట్టి తీరాలి. మెట్రిక్ సీపీయూ క్రెడిట్ బ్యాలెన్స్, కండిషన్ 'లోయర్', హద్దు 30, పీరియడ్ 5 నిమిషాలు, 1కి 1. క్రెడిట్ నిల్వ సీపీయూలాగా ఎగిరి దూకదు, మెల్లగా జారుతుంది, కాబట్టి ఇక్కడ 1కి 1 చాలు. 30 మిగిలినప్పుడు కబురందితే, నిండు వేగంతో నడుస్తున్నా సుమారు 33 నిమిషాల వ్యవధి ఉంటుంది. కొత్త సర్వర్‌లో నిల్వ తక్కువే ఉంటుంది, టీ2ను ఆపి మళ్లీ మొదలుపెట్టినా పాత నిల్వ పోతుంది. అప్పుడు మోగితే కంగారుపడకండి. టీ3 అయితే మామూలుగా అన్‌లిమిటెడ్ మోడ్‌లో వస్తుంది. క్రెడిట్లు అయిపోయినా వేగం తగ్గదు, బిల్లు పెరుగుతుంది. దానికి సీపీయూ సర్‌ప్లస్ క్రెడిట్స్ చార్జ్‌డ్ అనే మెట్రిక్ మీద సున్నా దాటితే మోగేలా పెట్టండి.

ఖర్చు గురించి ఒక్క మాట: ఉచిత వాటాలో 10 అలారాలు వస్తాయి. ఈ పాఠంలో రెండు వాడాం.

వచ్చే పాఠం మెమొరీ, డిస్క్ గురించి. ఈ రెండూ ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి సంగతులు, ఈసీ2కి బయటి నుంచి కనిపించవు. సర్వర్ లోపల క్లౌడ్‌వాచ్ ఏజెంట్‌ను పెట్టాలి. ఈలోగా సర్వర్‌కు ఒక ఐఏఎం రోల్ (సర్వర్‌కు అనుమతులిచ్చే గుర్తింపు) తగిలించి, దానికి 'క్లౌడ్‌వాచ్ ఏజెంట్ సర్వర్ పాలసీ' జతచేసి ఉంచండి. అలాగే రెండు వారాల గ్రాఫ్‌లో మీ సర్వర్ అత్యధికంగా ఎంతకు వెళ్లిందో, ఏ వేళప్పుడో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంతోనే మొదలుపెడదాం.