కొత్త బ్లూటూత్ డాంగిల్ పెట్టినా పాత గరగరేనా?

సమస్య: లాప్‌టాప్ బ్లూటూత్‌లో పాట తెగిపోతోందని యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం, అంటే డాంగిల్, కొని తగిలించారు. తేడా ఏమీ లేదు. లేదా కంప్యూటర్ పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో దాని పేరు మీద పసుపు త్రికోణం, తెరిచి చూస్తే ‘కోడ్ 10’, అంటే పరికరం మొదలు కాలేదని. డాంగిల్‌ను తిట్టుకోవడానికి ఇంకా సమయం ఉంది.

కారణం: విండోస్ ఒకసారికి ఒక్క బ్లూటూత్ రేడియోనే నడుపుతుంది. లాప్‌టాప్ లోపలి రేడియో ముందే పీట వేసుకుని కూర్చుంది కాబట్టి కొత్తదానికి చోటు దక్కలేదు. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ మీట ఆపితే చాలదు. రేడియో మూగబోతుందే తప్ప పరికరం తన స్థానం వదలదు.

పరిష్కారం: ముందు డాంగిల్ తీసేయండి, ఏది ఏదో తికమక ఉండదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్‌లో ‘బ్లూటూత్’ విభాగం తెరవండి. చాంతాడంత జాబితా వస్తుంది. అందులో ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్ వంటి చిప్ తయారీదారు పేరున్న అడాప్టర్‌ను పట్టుకోండి. ‘ఎన్యూమరేటర్’ అన్నవాటి జోలికి పోవద్దు. రైట్ క్లిక్ చేసి ‘డిజేబుల్ డివైస్’ నొక్కండి. ‘అన్‌ఇన్‌స్టాల్’ మాత్రం వద్దు, రీస్టార్ట్ కాగానే విండోస్ దాన్ని వెతికి మళ్లీ ఎక్కిస్తుంది.

వైఫై పోతుందని భయపడనక్కర్లేదు. చాలా లాప్‌టాప్‌లలో రెండూ ఒకే కార్డు మీద ఉన్నా, కంప్యూటర్‌కు వేర్వేరు పరికరాలుగానే కనిపిస్తాయి. బ్లూటూత్ మౌస్ వాడేవారు మాత్రం కాసేపు టచ్‌ప్యాడ్‌తో సరిపెట్టుకోవాలి.

ఇప్పుడు డాంగిల్ పెట్టి, ఇయర్‌ఫోన్లను కొత్తగా జత చేయండి. పాత జత లోపలి అడాప్టర్‌తో కుదిరినది, ఇక్కడ చెల్లదు.

ఇంకా గరగర వస్తుంటే పోర్టును అనుమానించండి. యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వెలువడే రొద బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే పడుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ను దూరంగా జరపండి.

పెట్టె మీద రాసిన వెర్షన్‌ను నమ్మడం నాకు అలవాటు లేదు. డివైస్ మేనేజర్‌లో డాంగిల్ ప్రాపర్టీస్, ‘అడ్వాన్స్‌డ్’ ట్యాబ్‌లో ఎల్ఎంపీ (బ్లూటూత్ వెర్షన్‌ను తెలిపే గుర్తు) పక్కన అంకె చూడండి: 6 అంటే 4.0, 9 అంటే 5.0, 12 అంటే 5.3. పెట్టె మీద 5.3 అని ఉండి, ఇక్కడ 6 కనిపిస్తే బేరంలో మోసపోయినట్టే.

లోపలిదాన్ని ఆపి, ఒకసారి రీస్టార్ట్ చేశాక కూడా ‘కోడ్ 10’ వదలకపోతే తయారీదారు డ్రైవర్ వేసి చూడండి. అదీ పనిచేయక, మరో కంప్యూటర్‌లోనూ అదే తంతు అయితే డాంగిల్‌ను నిశ్చింతగా వెనక్కి ఇచ్చేయండి. పాత అడాప్టర్ తిరిగి కావాలంటే అదే చోట ‘ఎనేబుల్ డివైస్’.